పక్క సీటు బ్రేకు

డ్రైవింగ్ నేర్పే కార్లకు రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, రెండోది పక్క సీట్లో కూర్చున్న టీచరు కాలి కింద. ఆ రెండో బ్రేకు తొక్కడం పెద్ద విద్యేమీ కాదు. ఎదురుగా గోడ వస్తుంటే ఎవడైనా తొక్కుతాడు. తొక్కిన సంగతి పక్కవాడికి తెలియకుండా తొక్కడమే విద్య. ఆ విద్యలో, అందరూ బ్రేకక్క అని పిలిచే టీచరును మించినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ఉన్నామని ఎవరైనా చెప్పుకుంటే అది వట్టి కోత.

ఆమె పాదం కదిలినట్టే ఉండేది కాదు. కారు మాత్రం తనంతట తానే బుద్ధి తెచ్చుకున్నట్టు మెత్తగా ఆగేది. స్టీరింగ్ పట్టుకున్నవాడు నుదుటి చెమట తుడుచుకుని, "చూశారా అక్కా, టైముకి ఎలా ఆపేశానో!" అని మురిసిపోయేవాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, "చూశా చూశా, గట్టివాడివే" అనేది. ఆగింది నీ వల్ల కాదు, నా వల్ల అని చెప్పామా, రేపటినుంచి వాడు హారన్ కొట్టడానికి కూడా మన మొహం చూస్తాడని ఆమె లెక్క. టీచరు మొహంలో భయం కనబడకూడదు, టీచరు కాలు కనబడకూడదు. ఈ రెండు సూత్రాలతోనే ఆమె సగం ఊరిని రోడ్డు ఎక్కించింది.

ఈ వృత్తిలోకి ఆమె ఎవరో పిలిస్తే రాలేదు. ఇరవై ఏళ్ళప్పుడు ఒక డ్రైవింగ్ స్కూల్లో ఫోన్లు ఎత్తే పనికి చేరింది. ఖాళీ దొరికినప్పుడల్లా స్కూలు నడిపే పెద్దాయన్ని పీడించి బండి నేర్చుకుంది. ఒకరోజు టీచరు రాకపోతే తనే వెళ్ళి పక్క సీట్లో కూర్చుంది. ఆడమనిషి దగ్గర స్టీరింగ్ నేర్చుకోవడమేమిటని నవ్వినవాళ్ళకు కొదవలేదు. అందులో ఒక కాంట్రాక్టరు, గుబురు మీసాలాయన, సరదా చూద్దామని ఎక్కి, మొదటి రోజే కారును కల్వర్టు గోడ మీదికి తోలబోయాడు. ఆమె ఆపింది. తనే ఆపానని ఆయన మార్కెట్టంతా చెప్పుకుని, మర్నాడు ముగ్గురు కొడుకులనూ తెచ్చి ఆమె దగ్గరే చేర్పించాడు. మీసం ఆయనది, బ్రేకు ఈమెది. తర్వాత ఆమె సొంతంగా స్కూలు పెట్టుకుంది. మెట్ల కింద ఒక గది, ఒక పాత కారు, కొన్నేళ్ళకు ఇంకొకటి. రెండో కారులో ఆమె మరిది నేర్పేవాడు.

అలాంటి మనిషికి భోజనం సగంలో ఉండగానే కడుపు నిండిపోవడం మొదలైంది. రెండు ముద్దలు తినగానే రాయి మింగినట్టుండేది. గ్యాసు అనుకుంది. మన జనానికి గుండెపోటు వచ్చినా ముందు గ్యాసే. దుకాణంలో దొరికే గుళికలన్నీ అయిపోయాయి గాని గ్యాసు తగ్గలేదు.

పట్టుకున్నది ఆమె భర్త. ఆయన కళ్ళజోళ్ళ షాపులో ఫ్రేములు బిగించే మనిషి, మాట తక్కువ. ఆమె కళ్ళజోడు ముక్కు మీదినుంచి జారిపోతుంటే ఒకసారి బిగించి ఇచ్చాడు. కొద్దిరోజులకే మళ్ళీ జారితే మళ్ళీ బిగించాడు. మూడోసారి చిన్న స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేసి ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"ఇది ఫ్రేము తప్పు కాదే. నీ మొహమే తగ్గిపోతోంది. లే, ఆసుపత్రికి వెళ్దాం."

గొంతులోంచి గొట్టం వేసి చూశారు. కడుపులో గడ్డ కనబడితే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. స్కాను తీశారు. ఫలితాలు వచ్చిన రోజు డాక్టరు ఆమెను బయట బెంచీ మీద కూర్చోమని, భర్తనూ కూతురినీ మాత్రం లోపలికి పిలిచాడు. కూతురు రెండు వీధుల అవతల కాపురముంటుంది, బళ్ళో లెక్కలు చెబుతుంది, ఏడుపు దాచుకోవడం చేతకాని పిల్ల. తలుపు సందులోంచి దాని భుజాలు కదలడం చూడగానే బ్రేకక్క లేచి లోపలికి నడిచింది.

"డాక్టరుగారూ, నా పక్కన కూర్చుని నాకు తెలియకుండా బ్రేకులు వెయ్యకండి. ముప్పై ఏళ్ళుగా ఆ పని నేనే చేస్తున్నాను. ఎవరి కాలు కదిలినా నాకు తెలిసిపోతుంది. చెప్పేదేదో నాకు చెప్పండి."

డాక్టరు ఒక్క క్షణం కూతురి వైపు చూసి, కుర్చీ ఆమె వైపు తిప్పాడు. "కడుపులో పుట్టిన క్యాన్సర్ అమ్మా. కాలేయానికి పాకింది. ఆపరేషన్‌తో తీసేసే దశ దాటిపోయింది. మొత్తం పోతుందని మాత్రం చెప్పలేను. మందులతో అణిచిపెట్టి ఉంచొచ్చు. ఎన్నాళ్ళన్నది మందు పనిచేసేదాన్ని బట్టి ఉంటుంది."

"అంటే ఆగదు, స్పీడు తగ్గించొచ్చు. అంతేనా?"

"అంతే."

"నేను చేసే పని కూడా అదే. కానివ్వండి."

ఇలా అన్నదని ఆమెకు భయం లేదనుకుంటే పొరపాటు. ఇంటికి వచ్చేదాకా ఆమె చేతివేళ్ళు పర్సు జిప్పును తెరుస్తూ మూస్తూనే ఉన్నాయి. భయం వేసింది, భయం కన్నా కోపం ఎక్కువ వేసింది. తన ఒంట్లోనే తనకు చెప్పకుండా ఇంత దూరం ప్రయాణం చేసిన ఆ జబ్బు మీద కోపం.

డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు. కొందరి క్యాన్సర్ కణాల మీద ఒక రకం ప్రోటీన్ మరీ ఎక్కువగా ఉంటుందట, తలుపుకు పిడి ఉన్నట్టు. ఆ పిడి ఉంటే దాన్నే వెతికి పట్టుకునే మందు ఉంది. అందరికీ ఉండదు, తీసిన ముక్కను ఇంకో పరీక్షకు పంపాలి. ఆ పరీక్ష ఫలితం రాగానే కూతురు ఫోనులోనే ఎక్కెక్కి ఏడ్చింది, ఈసారి సంతోషంతో. "క్యాన్సర్లలో మంచి క్యాన్సర్ దొరికిందని ఆనందబాష్పాలు రాల్చే కూతుర్ని ఎక్కడన్నా చూశారా?" అని బ్రేకక్క అందరికీ చెప్పి నవ్వింది. గుండెను కూడా స్కాన్ చేసి, తట్టుకుంటుందని నమ్మకం కుదిరాక మందు మొదలుపెట్టారు. పిడిని పట్టుకునే మందు ఒక్కటే కాదు, దానితో పాటు మామూలు కీమో ఒకటి సెలైన్‌లో, ఇంకొకటి మాత్రల్లో. సెలైన్ సీసాలన్నీ ఒకే స్టాండుకు వేలాడేవి.

మందు ఎక్కించే గదిలో వాలు కుర్చీలు వరసగా ఉండేవి. ఆమె కిటికీ పక్క కుర్చీ కోసం పొద్దున్నే వెళ్ళి కూర్చునేది. కింద వాహనాలు నిలిపే స్థలం కనిపిస్తుంది. చేతికి సూది ఉన్నా నోటికి అడ్డేమీ లేదు. "రివర్సు, రివర్సు... తిప్పవయ్యా... అద్దం చూడు, అద్దం ఉన్నది తల దువ్వుకోవడానికి కాదు... ఆఁ, అయిపోయింది!" అని పైనుంచి కేకలు వేస్తుంటే మిగతా రోగులు కూడా మెడలు చాచి చూసేవాళ్ళు. ఆ వార్డు నర్సు నవ్వు ఆపుకోలేక ఒకరోజు అడిగేసింది: "నాకు నేర్పుతారా అక్కా? స్టీరింగ్ చూస్తేనే చేతులు చెమటలు పడతాయి నాకు."

"నీ సూది చూస్తే నాకూ అంతే సిస్టరూ. నేను ఓర్చుకోవట్లా? రేపు డ్యూటీ దిగాక రా."

అలా ఒకరు సూది గుచ్చేవాళ్ళు, ఒకరు గేరు మార్పించేవాళ్ళు అయ్యారు. మందు ఎక్కించాక కొన్నాళ్ళు చల్లటిది ఏది ముట్టుకున్నా కరెంటు కొట్టినట్టుండేది. స్టీలు గ్లాసు, తలుపు గొళ్ళెం, నల్లా నీళ్ళు, అన్నీ శత్రువులే. ఆమె చేతులకు ఉన్ని తొడుగులు వేసుకుని క్లాసులు చెప్పింది. వాంతులైన రోజు మానేసింది, మర్నాడు మళ్ళీ ఎక్కింది. మొదటి స్కానులో కాలేయం మీది మచ్చలు బాగా చిన్నవయ్యాయని తేలింది. ఆ రాత్రి ఆమె పళ్ళెంలో పెట్టిందంతా తిన్నది. భర్త ఆమె తినడం చూస్తూ తను తినడం మర్చిపోయాడు.

ఆ తర్వాతే కాళ్ళ బాధ మొదలైంది. ముందు కాలివేళ్ళ చివర్లు మొద్దుబారాయి, తర్వాత అరికాళ్ళు. ఎప్పుడూ మందపాటి మేజోళ్ళు తొడుక్కుని నడుస్తున్నట్టుండేది. ఒక సాయంత్రం బజారునుంచి వస్తుంటే వెనకనుంచి భర్త చేతిలో ఒక చెప్పు పట్టుకుని వచ్చాడు.

"ఇది దారిలో దొరికింది మేడమ్, మీదేనా?"

చూసుకుంటే ఒక కాలు ఉత్తదే. చెప్పు ఊడిన సంగతి ఆమె కాలికి తెలియలేదు. "పాతదైపోయింది, జారిపోతోంది" అని నవ్వేసింది. ఆయన మర్నాడు వెనక పట్టీ ఉన్న కొత్త చెప్పులు తెచ్చిపెట్టాడు.

వెళ్ళిన ప్రతిసారీ డాక్టరు అడుగుతూనే ఉన్నాడు: "కాళ్ళు, చేతులు తిమ్మిరెక్కుతున్నాయా అమ్మా?" ఆమె ప్రతిసారీ క్లాసులో పెట్టే మొహం పెట్టి, "అబ్బే" అంటూనే ఉంది. తిమ్మిర్లు ముదిరితే మందు ఆపాల్సి వస్తుందని మొదట్లోనే ఆయన చెప్పాడు. ఆ మాట ఆమె చెవిలో మేకులా దిగింది. ఏ మందు అని అడగలేదు. ఒకే స్టాండుకు వేలాడేవన్నీ ఆమె లెక్కలో ఒకటే మందు. మచ్చల్ని చిన్నవి చేసింది అదే. దాన్ని ఆపనిస్తుందా? టీచరు మొహంలో భయం కనబడకూడదు, టీచరు కాలు కనబడకూడదు. ఎవరి ముందు దాస్తున్నదో మాత్రం ఆమె ఆలోచించలేదు. డ్రైవింగ్ నేర్చుకునేవాడి దగ్గర పనికొచ్చే ఎత్తు, ప్రాణం కాపాడేవాడి దగ్గర వేసింది.

ఒకరోజు నర్సు డ్యూటీ దిగాక ఇద్దరూ ఆసుపత్రి వెనక వీధిలో వెళ్తున్నారు. నర్సు చేయి తిరిగింది, గేర్లు చప్పుడు లేకుండా పడుతున్నాయి. రెండు వ్యాన్ల మధ్యనుంచి ఒక ముసలాయన గొడుగు ఊపుకుంటూ రోడ్డు మీదికి దిగాడు. నర్సు బిగుసుకుపోయింది. బిగుసుకుపోయినప్పుడల్లా కారు ఎలాగోలా ఆగుతుందని ఆమె కాళ్ళకు అలవాటైపోయింది మరి.

బ్రేకక్క తొక్కింది. తొక్కాననే అనుకుంది.

కారు ఆగలేదు. ఆఖరి క్షణంలో నర్సు కెవ్వుమని స్టీరింగ్ పక్కకు తిప్పేసింది. బండి ఒక దుకాణం ముందు పేర్చిన ఖాళీ అట్టపెట్టెల్లోకి దూసుకుపోయి, అరుగుకు కొట్టుకుని ఆగిపోయింది. ముసలాయనకు గీత కూడా పడలేదు. గొడుగు తీసుకుని వచ్చి అద్దం మీద టకటకా కొట్టాడు. "నేర్చుకునేదాన్ని ఏమనను, అది నేర్చుకుంటోంది. నేర్పేదానివి నీకేమైంది? పక్కన కూర్చుని నిద్రపోతున్నావా?"

ముప్పై ఏళ్ళలో ఆమెను ఆ మాట అన్నవాళ్ళు లేరు. ఆమె కిందికి వంగి తన కాలు వైపు చూస్తోంది. పాదం పెడల్ పక్కన, రబ్బరు పట్టా మీద, బలంగా నొక్కుకుని ఉంది. అది ఎక్కడుందో కళ్ళతో చూస్తే గాని ఆమెకు తెలియలేదు.

ముసలాయన వెళ్ళాక నర్సు అంది: "అక్కా, బ్రేకు నేను వెయ్యలేదు. ఎప్పుడూ వేసేదాన్నే, ఇవాళ ఎందుకో..."

"అన్నిసార్లూ వెయ్యలేదు సిస్టరూ నువ్వు. సగం బ్రేకులు నావే."

నర్సు కళ్ళు బ్రేకక్క కాలి మీదికి దిగాయి. రోజూ ఎంతోమంది తిమ్మిరి పాదాలను చూసే మనిషికి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"చాన్నాళ్ళ నుంచి."

"నాకు సిగ్గుగా ఉందక్కా. మీ చెయ్యి పట్టుకుని సూది గుచ్చుతూ కూడా కనిపెట్టలేకపోయాను. మీకు సిగ్గుగా లేదా? ఆయన చచ్చిపోయేవాడు. డాక్టరుగారికి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెబుతా" అంది బ్రేకక్క.

మర్నాడు అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్ళి డాక్టరు గది ముందు కూర్చుంది. లోపలికి వెళ్ళాక కూర్చోకుండానే మొదలుపెట్టింది: "మీకు తెలియకుండా నేనో బ్రేకు వేశాను డాక్టరుగారూ." అంతా చెప్పింది. విన్నకొద్దీ ఆయన మొహం ఎర్రబడింది.

"అడిగిన ప్రతిసారీ అబ్బే అన్నారే! తిమ్మిరి పుట్టించేది పిడిని పట్టుకునే మందు కాదమ్మా, దాని పక్కన ఎక్కించే కీమో. చెప్పి ఉంటే దాన్ని ఎప్పుడో తగ్గించేవాణ్ణి, ఆపేసేవాణ్ణి. అసలు మందు అలాగే నడిచేది. మీరు దాచినందుకు మీ కాళ్ళు ఊరికే పాడయ్యాయి."

చెంపదెబ్బ తగిలి ఉంటే ఇంతకన్నా నయంగా ఉండేది. జబ్బు చేసిన నష్టం సరే, ఇది తన చేజేతులా చేసుకున్నది. "మళ్ళీ స్పర్శ వస్తుందా?" అని అడిగింది.

"కొంత రావొచ్చు. నెలలు పడుతుంది. ఆపిన తర్వాత కూడా కొన్నాళ్ళు ఇంకా ముదురుతుంది, అప్పుడు కంగారుపడకండి. పూర్తిగా వస్తుందని మాటివ్వను."

అక్కణ్ణుంచి నేరుగా స్కూలుకు వెళ్ళి కారు తాళాలు మరిది చేతిలో పెట్టింది. ఆ సీట్లో కూర్చునే అర్హత తనకు లేదని ఎవరో చెప్పకముందే తనే దిగిపోయింది. సాయంత్రం కూతురు వచ్చి, విషయం విని, ఊపిరి పీల్చుకుంది.

"మంచిదైందమ్మా. ఇంక హాయిగా ఇంట్లో ఉండు."

"దిగాను గాని మానెయ్యలేదే. పరీక్ష పాసై మళ్ళీ ఎక్కుతా."

"పరీక్షేంటమ్మా? నీకు నాలుగో స్టేజీ!"

"నాలుగే కదా. మన కారుకి అయిదు గేర్లు."

"జోకులు వెయ్యకు!" కూతురు అరిచింది, అరుస్తూనే ఏడ్చేసింది. "ఉన్నన్నాళ్ళు మాతో ఉండొచ్చు కదా?"

బ్రేకక్క కూతురి తలను తన ఒళ్ళోకి లాక్కుంది. "మీతో ఉండటమంటే మంచం మీద ఉండటమా? పడుకోవడానికి నాకు ముందుముందు బోలెడంత టైముంది. ఇంకొకరి ప్రాణం నా కాలి కింద పెట్టుకునే హక్కు నాకు మిగిలిందో లేదో తేలాలి. తేలిస్తే నేను తేలుస్తా. నువ్వు కాదు, డాక్టరు కాదు, ఈ జబ్బు అసలే కాదు. పాస్ కాకపోతే నేనే ఎక్కను, నీ మీద ఒట్టు."

ఆ స్కూల్లో టీచరు సీటు ఎక్కాలంటే గ్లాసు పరీక్ష నెగ్గాలి. ఖాళీ మైదానంలో ఒకరు కారు తోలుతుంటారు, తన బ్రేకు మాత్రం ముట్టుకోరు. ముందు అద్దం కింద అంచుదాకా నీళ్ళు నింపిన గాజు గ్లాసు ఉంటుంది. వెనక సీట్లోంచి ఈల వినబడగానే పక్క సీటు మనిషి కారు ఆపాలి. నీళ్ళు ఒలికాయా, ఇంటికే. మరిదినైతే బ్రేకక్క ఈ పరీక్షలో రెండుసార్లు ఇంటికి పంపింది. పాపం, అతనికప్పుడు పెళ్ళిచూపులు కూడా ఉన్నాయి.

ఇప్పుడు అతను తోలాడు, నర్సు ఈల వేసింది. బ్రేకక్క పాదానికి పెడల్ దొరికింది గాని ఎంత నొక్కుతున్నదో తెలియలేదు. కారు ఎగిరిపడి ఆగింది. గ్లాసు మరిది ఒళ్ళో పడింది. "ఫెయిల్" అని ఆమే అని దిగిపోయింది.

డాక్టరు చెప్పినట్టే ఆ తర్వాత కాళ్ళు ఇంకా మొద్దుబారాయి. రెండోసారి పెడలే దొరకలేదు. ఆ రోజు ఇంటికి వచ్చి స్నానాల గదిలో నల్లా తిప్పి ఏడ్చింది. ధైర్యవంతులు ఏడవరని చెప్పేవాళ్ళు స్నానాల గది తలుపు బయట ఎప్పుడూ నిలబడి ఉండరు. ఆమె భర్త నిలబడ్డాడు. చాలాసేపు నిలబడి, తలుపు తట్టకుండానే బయటికి వెళ్ళిపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చంకలో బరువు తూచే మిషన్ ఉంది, మనుషులు ఎక్కి నిలబడేది.

"కుర్చీలో కూర్చో. కళ్ళు మూసుకో. అయిదు కిలోల బరువు నొక్కు."

నొక్కింది. "పధ్నాలుగు" అన్నాడాయన.

"అబద్ధం!"

"మిషన్‌కి నువ్వంటే భయం లేదు. మళ్ళీ నొక్కు."

అప్పటినుంచి అదే వాళ్ళ కాలక్షేపం. భోజనానికి ముందు, భోజనం తర్వాత, ఆయన నేల మీద బోర్లా పడుకుని ముల్లు చదివేవాడు, ఆమె కళ్ళు మూసుకుని నొక్కేది. అరికాలు చెప్పనిది పిక్క చెబుతుందేమో, మోకాలు చెబుతుందేమో వెతుక్కుంది. పిడిని పట్టుకునే మందు ఎప్పటిలాగే ఎక్కుతూనే ఉంది. పగళ్ళు మరిది క్లాసుల్లో వెనక సీట్లో కూర్చునేది. అతను చాటుగా బ్రేకు వేసినప్పుడల్లా వెనకనుంచి గదమాయించేది: "చెప్పవయ్యా వాడికి, అది నువ్వు వేశావని!"

"మనం చెప్పకూడదని నువ్వే కదా వదినా నేర్పావు?"

"తప్పు నేర్పాను. అబద్ధం మీద నిలబెట్టిన ధైర్యం అట్టపెట్టెల్లోకి పోతుంది. చెప్పు."

నర్సు అలా వెనక సీటు తిట్లు తింటూనే సొంత కాలితో ఆపడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. అరికాళ్ళలో నెమ్మదిగా చీమలు పాకడం మొదలైంది. చీమలకు కూడా ఆమె సంబరపడింది. మళ్ళీ పరీక్షకు కూర్చుంటే గ్లాసు నిలబడింది, నాలుగు చుక్కలు ఒలికాయి. మరిది చేత్తో గబుక్కున తుడిచేశాడు.

"పాసే వదినా. నాలుగు చుక్కలు ఒక లెక్కా?"

"నాలుగు చుక్కలంటే నేర్చుకునేవాడి నాలుగు పళ్ళు ఊడినట్టు. నీ జాలి తీసుకెళ్ళి నీ పెళ్ళాం దగ్గర చూపించు. నేను ఫెయిల్."

ఆఖరుగా పరీక్ష పెట్టుకున్న రోజునే కొత్త స్కాను ఫలితం కూడా చెబుతామన్నారు. ముందు ఆసుపత్రికి వెళ్దామని కూతురు పట్టుబట్టింది. బ్రేకక్క ససేమిరా అంది. "రిపోర్టు ఎక్కడికీ పారిపోదు. అది విన్నాక నా కాలు వణికితే, వణికింది తిమ్మిరి వల్లో భయం వల్లో తేల్చుకోలేను. ముందు నా పరీక్ష."

మైదానం అంచున భర్త, కూతురు నిలబడ్డారు. మరిది తోలాడు. నర్సు వెనక సీట్లో ఈల పెదవుల మధ్య పెట్టుకుని కావాలనే ఆలస్యం చేసింది, ఒక చుట్టు తిరిగారు, రెండో చుట్టు సగంలో ఉన్నారు. కాలు ఎక్కడుందో కిందికి చూడాలని బ్రేకక్కకు ప్రాణం కొట్టుకుపోయింది. చూడలేదు. ఈల మోగింది.

పిక్క ముందుగా చెప్పింది, మోకాలు ఔనంది. కారు నేలను అడిగి ఆగినట్టు ఆగింది. గ్లాసులో నీళ్ళు ముందుకు వాలి, అంచు మీదికి ఉబ్బి, అక్కడే వణికి, వెనక్కి సర్దుకున్నాయి. మరిది గాజు చుట్టూ వేలితో తడిమి, వేలు పైకెత్తి చూపించాడు. పొడిగా ఉంది. అతను తాళాలు తీసి ఆమె ఒళ్ళో పెట్టి, మొహం అటు తిప్పుకున్నాడు. పరుగెత్తుకుంటూ వచ్చిన కూతురు ఆ గ్లాసు అందుకుని గటగటా తాగేసింది. ఎందుకు తాగిందో దానికే తెలియదు.

"ఇప్పుడు పదండి" అంది బ్రేకక్క.

డాక్టరు ఈసారి ఎవరినీ బయట కూర్చోమనలేదు. ఆమె వైపే చూస్తూ చెప్పాడు. "కడుపులోది అలాగే ఉందమ్మా. కాలేయంలో ఒక మచ్చ పెరిగింది. ఇన్నాళ్ళూ పనిచేసిన మందుకు అది లొంగడం మానేసింది. మందు మార్చాలి."

భర్త కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. కూతురు తల్లి భుజం పట్టుకుంది. బ్రేకక్క కాలు నిజంగానే వణికింది. ముందు పరీక్షకు వెళ్ళడమే మంచిదైందనుకుంది.

"మార్చడానికి వేరేది ఉందా?"

"ఉంది. ఇదీ ఆ పిడినే పట్టుకుంటుంది. కాకపోతే ఈసారి కీమోను తన వీపు మీద మోసుకెళ్ళి ఆ కణం లోపల దించుతుంది. వాంతులు, నీరసం ఉంటాయి. ఊపిరితిత్తులకు దెబ్బ తగలొచ్చు, దగ్గు గాని ఆయాసం గాని వస్తే అదే రోజు నాకు చెప్పాలి."

"చెబుతా. దాచను. తిమ్మిర్లు?"

"వాటి బెడద దీనితో పెద్దగా ఉండదు."

"అయితే మొదలుపెట్టండి. ఎప్పుడు?"

"సోమవారం పొద్దున."

"పొద్దున కుదరదు, కొత్తమ్మాయికి మొదటి క్లాసు. మధ్యాహ్నం పెట్టండి."

డాక్టరు తలూపి, కలం తీసుకుని, మళ్ళీ ఆగాడు. నడుము దాకా వేలాడుతున్న ఆమె జడ వైపు చూసి, గొంతు తగ్గించి అన్నాడు: "ఇంకొకటమ్మా. ఈ మందుతో జుట్టు బాగా రాలిపోవచ్చు."

బ్రేకక్క పకపకా నవ్వింది. వసారాలో కూర్చున్నవాళ్ళు లోపలికి తొంగిచూసేంత గట్టిగా నవ్వింది.

"రాలనివ్వండి డాక్టరుగారూ. నేను బ్రేకు జుట్టుతో వెయ్యను."